ఉప్పునీటి తొట్టిలో మూడు రాళ్ళ పొయ్యి

(అక్వేరియం పెంపకం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తిరుపతిలో కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. వక్త వృత్తి ఇళ్ళ నిర్మాణం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక మాట ఒప్పుకోవాలి. సముద్రం గురించి మాట్లాడుకోవడానికి తిరుపతి ఏమంత అనువైన ఊరు కాదు. మనకున్నది కొండ. రాయి. ఎటు చూసినా రాయి. సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. కానీ ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది చేపల గురించి కాదు, వాటి కింద ఉండే రాయి గురించి. కాబట్టి ఊరు సరైనదే.

చేపల గురించి అందరూ మాట్లాడతారు. లైటు గురించి మాట్లాడతారు, నురగతో నీటి మురికిని లాగేసే స్కిమ్మరు గురించి గంటల కొద్దీ మాట్లాడతారు. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, "అందంగా పేర్చండి" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు. అందంగా పేర్చడం ఎవరికి రాదు? పడకుండా పేర్చడం ఎవరికి వచ్చు? ఈ రెండో ప్రశ్నకే నేను వచ్చాను.

ఇదిగో, ఈ బల్ల మీద ఒక పళ్ళెం ఉంది. పళ్ళెంలో బొంబాయి రవ్వ ఉంది. ఉప్మాకు కాదు, కంగారు పడకండి. రవ్వ మీద ఈ గుప్పెడంత రాయి పెడుతున్నాను. దాని మీద ఇంకొకటి. నిలబడిందా? నిలబడింది. ముందు వరుసలో ఉన్న తల్లీ, నువ్వు వచ్చి ఆ కింది రాయి పక్కన రవ్వలో వేలు పెట్టి కొంచెం లాగు. కొంచెమే. ఇంకొంచెం. చూశారా? పడిపోయింది. రాయి పాడైందా? లేదు. నేను పేర్చడంలో తప్పుందా? అదీ పెద్దగా లేదు. కింద ఉన్నది జారిపోయింది. అంతే. ఆ వేలు మీ తొట్టిలో రొయ్య రూపంలో ఉంటుంది.

నా కథ చెబుతాను. మొదటి ఉప్పునీటి తొట్టి పెట్టినప్పుడు నాకు చాలా తెలుసని అనుకున్నాను. ఇళ్ళు కట్టేవాణ్ణి కదా. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంచు దాకా నింపితే దాదాపు 450 లీటర్లు. ముందు తెల్లటి ఇసుక పోశాను, రెండంగుళాల మందం. చూడడానికి ఎంత బాగుందో! దాని మీద రాళ్ళు పేర్చాను. ఎడమవైపు ఒక గోపురం, కుడివైపు ఒక గోపురం, మధ్యలో లోయ. మా ఆవిడ చూసి, "ఇది పడదు కదా?" అని అడిగింది. "నేను కట్టిన ఏ ఇల్లు పడింది?" అన్నాను. ఆ మాట ఆవిడ ఇప్పటికీ మరచిపోలేదు.

తరువాత ఒక పిస్టల్ రొయ్యను తెచ్చాను, దానికి తోడుగా ఒక గోబీ చేపను. ఈ ఇద్దరి స్నేహం మీకు తెలిసే ఉంటుంది. రొయ్యకు చూపు తక్కువ, గోబీకి చూపు ఎక్కువ. రొయ్య గుంత తవ్వుతుంది, గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ గోబీని తాకుతూ ఉంటుంది, ప్రమాదం వస్తే గోబీ తోక ఆడిస్తుంది. చూస్తూ కూర్చుంటే అన్నం కూడా గుర్తుకు రాదు. నేను అలాగే చూస్తూ కూర్చున్నాను. అది ఎక్కడ తవ్వుతోందో మాత్రం చూడలేదు.

నాలుగు నెలల తరువాత ఒక రాత్రి రెండు గంటలకు ఇంట్లో ఒక చప్పుడు. డబ్ అని. దొంగలేమో అనుకుని లేచాను. దొంగలు కాదు, ఎడమ గోపురం. పై రాయి జారి ముందు అద్దానికి ఆనుకుని ఉంది. అద్దం పగలలేదు, అడుగు పొడవు గీత పడింది. ఆ గీత పెట్టుకునే ఆ తొట్టిని ఆరేళ్ళు నడిపాను. ఎవరైనా ఇంటికి వస్తే ఆ గీత ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి, కనిపించకుండా. రొయ్యకు ఏమీ కాలేదు. మరుసటి రోజు కుడి గోపురం కింద పని మొదలుపెట్టింది.

ఇందులో రొయ్య తప్పేముంది? దాని పని అది చేసింది. నా పని నేను చేయలేదు. ఇల్లు కట్టేటప్పుడు మెత్తటి మన్ను తీసేసి గట్టి నేల దొరికేదాకా పునాది తవ్వించేవాణ్ణి, ఇంట్లో తొట్టి దగ్గరకు వచ్చేసరికి ఇసుక మీద గోపురం కట్టాను.

అందుకని మొదటి మాట: రాయి ముందు, ఇసుక తరువాత. రాయి నేరుగా అడుగు అద్దం మీద కూర్చోవాలి. ఆ తరువాత చుట్టూ ఇసుక పోయాలి. అప్పుడు ఎవరు ఎంత తవ్వుకున్నా వాళ్ళకు దొరికేది అద్దమే. ఇక్కడ చాలామందికి భయం: "అద్దం మీద రాయి పెడితే అద్దం పగలదా?" ఒక లెక్క చూడండి. 450 లీటర్ల ఉప్పునీళ్ళు 460 కిలోల బరువు. ఆ బరువును ఆ అద్దం రోజూ మోస్తూనే ఉంది. దాని మీద మీరు మెల్లగా పెట్టే పది కిలోల రాయి దానికి పెద్ద భారం కాదు. భారం కాదు కానీ దెబ్బ వేరు. రాయి చేయి జారి పడితే, అదీ ఒక మొన మీద పడితే, అప్పుడు పగులుతుంది. కాబట్టి అడుగు రాళ్ళకు మొనలుంటే సుత్తితో, ఆకురాయితో చదును చేయండి. భయం పోకపోతే రాయి కూర్చునే చోట మాత్రం పలుచటి ప్లాస్టిక్ షీటు ముక్క వేయండి. అడుగంతా పరచకండి, దాని కింద మురికి చేరుతుంది. రాళ్ళు పెట్టేది ఖాళీ తొట్టిలో అయితే మరీ జాగ్రత్త. నీళ్ళుంటే రాయి నెమ్మదిగా దిగుతుంది, ఖాళీ తొట్టిలో చేయి జారితే ఇక అంతే.

ఇప్పుడు రెండో మాట. మీ ఇళ్ళల్లో ఇప్పుడు గ్యాసు పొయ్యిలు. మా అమ్మ పెరట్లో వడ్లు ఉడకబెట్టడానికి, పెళ్ళిళ్ళకు వంట చేయడానికి మూడు రాళ్ళ పొయ్యి పెట్టేది. మూడే ఎందుకు? నాలుగు పెట్టవచ్చు కదా? నాలుగు పెడితే గుండిగ ఊగుతుంది. నాలుగు రాళ్ళు ఒకే ఎత్తులో దొరకవు, ఏదో ఒకటి గుండిగకు ఆనదు. మూడు పెడితే ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ మూడూ ఆనుతాయి. గుండిగ వంకరగా ఉంటే ఉండవచ్చు, ఊగదు. నాలుగు కాళ్ళ స్టూలు కాలి కింద కాగితం మడిచి పెట్టని ఇల్లు ఉందా? మూడు కాళ్ళ పీటకు ఎవరైనా కాగితం పెట్టారా?

రాతి పనిలో ఉన్న మర్మమంతా ఇదే. ప్రతి రాయీ తన కింద ఉన్న వాటిని మూడు చోట్ల తాకాలి. ఆ మూడు చోట్లూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. రాయి బరువు ఆ మూడు చోట్ల మధ్యన పడాలి, బయట పడకూడదు. రెండు చోట్లే తాకితే అది తూగుటుయ్యాల. అప్పుడు రాయిని తిప్పండి. పావు వంతు తిప్పండి, తలకిందులు చేయండి. ఒక్కో రాయికి ఏడెనిమిది ముఖాలుంటాయి, అందులో ఒక్కటైనా కుదురుతుంది. కుదరకపోతే ఆ రాయి అక్కడిది కాదు, పక్కన పెట్టండి. పొలాల చుట్టూ సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు చూసే ఉంటారు మీరు. తరాలుగా నిలబడి ఉన్నాయి, మేకలు ఎక్కుతున్నాయి, పిల్లలు ఎక్కుతున్నారు. ఆ గోడ కట్టేవాడు రాయిని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాడు, కుదరనిది కింద పడేస్తాడు, పది నిమిషాల తరువాత దాన్నే తీసి ఇంకోచోట పెడతాడు. తొందరపడడు.

మీరూ తొందరపడకండి. తొట్టిలో పేర్చకండి, బయట పేర్చండి. తొట్టి అడుగు కొలతకు ఒక అట్టముక్క కోసి, బల్ల మీద పరచి, దాని మీద పేర్చండి. తొట్టిలో ఒక వైపు నుంచే చేయి పెట్టగలరు. బల్ల మీదైతే చుట్టూ తిరగవచ్చు, దూరం నుంచి చూడవచ్చు, కాఫీ తాగి వచ్చి మళ్ళీ చూడవచ్చు. నచ్చాక అరచేత్తో పై రాయిని మెల్లగా నెట్టండి. బల్లను కదిలించండి. పడిందా? మంచిది, బల్ల మీదే పడింది. నా రెండో తొట్టి రాళ్ళను పదకొండు సార్లు పేర్చాను. మా ఆవిడ వంటింట్లో నుంచి ఒక్కో చప్పుడునూ లెక్కపెట్టింది.

అప్పుడు ఫొటోలు తీయండి. నాలుగు వైపుల నుంచీ. రాళ్ళ మీద సుద్దముక్కతో అంకెలు వేసుకోండి. తీసి తొట్టిలో పెట్టేటప్పుడు అదే వరుస. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. గుర్తుంటుందిలే అనుకుని అంకెలు వేయకపోతే, గంట తరువాత మీ ఎదుట ఉండేది రాళ్ళ గుట్ట.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బల్ల మీద నిలబడినది నీళ్ళలో అంతే గట్టిగా నిలబడుతుందా? మనలో బావిలో నీళ్ళు చేదినవాళ్ళు ఎందరు? చేతులెత్తండి. నలుగురైదుగురు, అందరివీ తెల్ల జుట్లే. చేద నీళ్ళలో మునిగి ఉన్నంతసేపు చేతికి బరువే తెలియదు. నీటి పైకి వచ్చిందో, అప్పుడు తాడు అరచేతిని కోస్తుంది. రాయికి కూడా అదే న్యాయం. గట్టి సున్నపురాయి పది కిలోలది ఉందనుకోండి. అది దాదాపు 3.7 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. ఆ ఉప్పునీటి బరువు 3.8 కిలోలు. అంటే నీళ్ళలో ఆ రాయి ఆరు కిలోల చిల్లరే తూగుతుంది.

దీనివల్ల రెండు పనులు జరుగుతాయి. ఒకటి, రాయిని రాయి మీద అదిమి ఉంచే బరువు తగ్గింది కాబట్టి పక్క నుంచి వచ్చే తోపుకు లొంగే గుణం పెరిగింది. బల్ల మీద మీ చేతికి కదలని రాయి నీళ్ళలో సముద్రపు ఉడతకు... క్షమించండి, మా ఇంట్లో అర్చిన్‌ను, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే ఆ సముద్రజీవిని, మేము ఉడత అని పిలుచుకుంటాం, నోటికి అదే వచ్చింది. అర్చిన్‌కు కదులుతుంది. అది ముళ్ళు పెట్టి సందులో దూరి మెల్లగా ఎత్తుతుంది. రెండు, నీళ్ళు మార్చే రోజు. సగం నీళ్ళు తీసేశారు. పైన ఉన్న రాళ్ళు గాలిలోకి వచ్చాయి. వాటి బరువు ఒక్కసారిగా వాటికి తిరిగి వచ్చింది, చేద పైకి వచ్చినట్టు. కింద ఉన్నవి ఇంకా నీళ్ళలో తేలికగానే ఉన్నాయి. పైన బరువు, కింద తేలిక. చాలా గోపురాలు కూలేది ఆ పూటే. అందుకే నీళ్ళు మార్చేటప్పుడు రాళ్ళ కొసలు బయటపడేంత తీయనవసరం లేకుండా, కొద్దికొద్దిగా, తరచుగా మార్చడం మంచిది.

ఇప్పుడు తోరణాల సంగతి. అందరికీ తోరణం కావాలి, గుహ కావాలి, గాలిలో వేలాడే అరుగు కావాలి. కావాలి కదా? నాకూ కావాలి. తిరుమల కొండ మీద శిలాతోరణం చూడనివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉండరు. చక్రతీర్థం దగ్గర, ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. దాన్ని ఎవరూ కట్టలేదు. వంద కోట్ల ఏళ్ళు దాటిన క్వార్ట్జైట్ రాయి, గాలికీ నీటికీ అరిగి అరిగి, అరగకుండా మిగిలినది అలా తోరణమై నిలిచింది. అది ఎలా నిలబడి ఉంది? జిగురు లేదు, కమ్మీ లేదు. రాయికి ఒక స్వభావం ఉంది. అణిచితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. లాగుడుకు దాని బలం అణుచుడు బలంలో పదో వంతు కూడా ఉండదు. తోరణం వంపులో బరువంతా రాయిని రాయికి అదుముతూ రెండు కాళ్ళలోకి దిగిపోతుంది. అంతా అణుచుడే.

గోడ నుంచి బయటకు పొడుచుకు వచ్చిన అరుగు అలా కాదు. దాని కొస మీద బరువు పెడితే, అది గోడను కలిసే చోట పై ముఖం లాగబడుతుంది. అక్కడే పగులుతుంది, లేదా అతుకు ఊడుతుంది. అందుకని మీ తోరణాన్ని మూడు ముక్కల్లో ఆలోచించండి. రెండు కాళ్ళు, మధ్యలో పైకి వెడల్పు, కిందికి సన్నం అయిన ఒక బిగింపు రాయి. అది దిగజారే కొద్దీ కాళ్ళను ఇంకా బిగిస్తుంది. అయితే ఆ కాళ్ళు బయటకు జరగకూడదు, వాటి వెనుక బరువైన రాళ్ళ దన్ను ఉండాలి. అరుగే కావాలంటే మూడింట ఒక వంతు బయటకు, రెండు వంతులు లోపల బరువు కింద. అంతకన్నా ఆశ వద్దు.

అన్నట్టు, శిలాతోరణం గురించి చెప్పాను కదా అని కొండ రాళ్ళు ఏరుకుని రాకండి! కొండ మీది రాయి ముట్టుకోవడం తప్పు, అది వేరే సంగతి. అసలు ఆ రాయి మనకు పనికి రాదు. క్వార్ట్జైట్, మన చిత్తూరు గ్రానైటు, రెండూ గట్టివే, నీళ్ళను పాడు చేయవు. కానీ లోపల రంధ్రాలు లేవు. మనకు రాయి బొమ్మ కాదు కదా, అదే మన ఫిల్టరు. రాయి పై పొరల్లో ఉండే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఆక్సిజను అందని లోపలి రంధ్రాల్లో వేరే బాక్టీరియా ఆ నైట్రేటును నైట్రోజనుగా మార్చి గాలిలోకి పంపుతాయి. గ్రానైటు గుండు లోపల ఎవరు కాపురం ఉంటారు? కడప బండ సంగతీ అంతే. అది సున్నపురాయే, కానీ పలకలా దట్టంగా ఉంటుంది, చిల్లులుండవు.

మరి చిల్లులున్న రాయి ఏది? సముద్రపు రాయి. పగడపు రాయి. ఇక్కడ నేను గొంతు కొంచెం పెంచుతాను. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ, వాటితో పాటు నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలనే పగడాలు, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలు అది. "రామేశ్వరం రాయి ఉంది సార్, తక్కువలో ఇస్తాను" అని ఎవరైనా ఫోను చేస్తే, "పులి పిల్ల ఉంది సార్" అన్నట్టే లెక్క. చట్టం ఒక్కటే కాదు. మన్నారు సింధుశాఖలో 21 దీవులుండేవి, 1986లో సముద్ర జాతీయ పార్కు చేశారు. అక్కడ సున్నం కోసం, సిమెంటు కోసం ఏళ్ళ తరబడి పగడాలు తవ్వుకున్నారు. అందులో రెండు దీవులు మునిగిపోయాయి. అడుగు రాయి తీసేస్తే దీవే నిలబడలేదు, తెలుస్తోందా? మన గోపురాల కథే, కాకపోతే సముద్రమంత పెద్దది.

అందుకని నేను చెప్పేది రెండు దారులు. ఒకటి, గనుల్లో తవ్విన పాత సున్నపురాయి, ఎండిన రాయిగా బిల్లుతో దొరికేది. రెండు, ఇంట్లో చేసుకోవడం. నాకు ఇష్టమైనది రెండోది, మేస్త్రీ బుద్ధి కదా. మన చిత్తూరు వైపు కోళ్ళ ఫారాలకు కొదవ లేదు. గుడ్డు పెంకు గట్టిపడడానికి కోళ్ళ దాణాలో షెల్ గ్రిట్ కలుపుతారు, ఆల్చిప్పల నూక. అది బస్తాల్లో దొరుకుతుంది. ఒక పాలు తెల్ల సిమెంటు, మూడు నాలుగు పాళ్ళు కడిగిన షెల్ గ్రిట్, దానికి ఒక పాలు రాళ్ళ ఉప్పు. ఉప్పు ఎందుకు? తరువాత నీళ్ళలో కరిగిపోయి, అది ఉన్న చోట చిల్లులు మిగులుతాయి. నీళ్ళు తక్కువగా, పొడిపొడిగా కలపండి. చేతికి తొడుగులు తప్పనిసరి, సిమెంటు చర్మాన్ని తింటుంది. తడి ఇసుకలో గుంతలు చేసి అందులో వేయండి. అడుగు చదునుగా ఉండేవి కొన్ని, మూడు కాళ్ళు ఉండేవి కొన్ని, బిగింపు రాయి ఆకారంలో ఒకటి రెండు. కొండను అడగకుండానే మీకు కావలసిన రాయి మీకు దొరికింది, చూశారా?

కానీ దానికి ఓపిక కావాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది, ఆ నీటి పీహెచ్, అంటే క్షారగుణం కొలత, 12 దాకా పోతుంది. మనకు కావలసింది 8.2 దగ్గర. డ్రమ్ములో నానబెట్టి నీళ్ళు మారుస్తూ ఉండండి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు. చివర్లో మంచి నీళ్ళు పోసి మూడు రోజులు కదపకుండా ఉంచి పీహెచ్ చూడండి. ఎనిమిదిన్నర దాటితే ఇంకా కాలేదు. నాలుగు వారాలకే విసుగొచ్చి చేపలు వదిలినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు చెప్పను, ఒకాయన ఈ గదిలోనే ఉన్నారు.

ఇంకొక జాగ్రత్త, ఇది ప్రాణాలకు సంబంధించినది కాబట్టి రెండుసార్లు చెబుతాను. పాత తొట్టి రాళ్ళను శుభ్రం చేయాలని పొయ్యి మీద పెట్టి ఉడకబెట్టకండి. ఉడకబెట్టకండి. వాటి మీద పగడాల చుట్టాలైన జొయాంథిడ్‌లు, పాలిథోవాలు ఉంటే వాటిలోని పాలీటాక్సిన్ ఆవిరితో కలిసి గాలిలోకి వస్తుంది. అది భయంకరమైన విషం. ఇంట్లో అందరూ ఆసుపత్రిలో ఉంటారు.

ఇప్పుడు జిగురు. మీరంతా దీని కోసమే ఎదురు చూస్తున్నారని నాకు తెలుసు. "ఏ జిగురు సార్?" అని తలుపు దగ్గరే ముగ్గురు అడిగారు. నా జవాబు మీకు నచ్చదు. జిగురు రాయిని కలుపుతుంది, నిలబెట్టదు. జిగురు లేకుండా బల్ల మీద నిలబడని రాయిని జిగురు పెట్టి నిలబెడితే, అది నిలబడిన రాయి కాదు, ఇంకా పడని రాయి. జిగురు పని వేరే ఉంది. అర్చిన్ ఎత్తకుండా, మీ మోచేయి తగిలినప్పుడు జరగకుండా పట్టుకోవడం. అంతే దాని ఉద్యోగం. దానికి మించిన బాధ్యత పెట్టకండి.

సరే, ఉద్యోగం చెప్పాం కాబట్టి ఉద్యోగులను చూద్దాం. సయనోఅక్రిలేట్, అంటే మనం ఫెవిక్విక్ అని అలవాటుగా పిలిచే జాతి, జెల్ రూపంలో ఉన్నది తీసుకోండి. నీరు తగిలితేనే గట్టిపడుతుంది, నీళ్ళలో కూడా పనిచేస్తుంది. పొడి రాళ్ళ మధ్య జెల్ పెట్టి పైన సన్నటి సున్నపు ఇసుక చల్లితే క్షణంలో బిగుస్తుంది. వేడెక్కుతుంది, కళ్ళు మండే పొగ వస్తుంది, కిటికీ తెరిచి చేయండి. కానీ దానికి సందులు నింపే శక్తి లేదు. సందు నింపేది ఎపాక్సీ ముద్ద. దానికి పట్టు తక్కువ. అందుకని బొబ్బట్టులో పూర్ణంలా మధ్యలో ఎపాక్సీ, రెండు వైపులా జెల్. ఇంట్లో పైపులకు పూసే ముద్దలన్నీ పనికి రావు, అక్వేరియానికి అని రాసి ఉన్నదే తీసుకోండి. నడుస్తున్న తొట్టిలో ఎపాక్సీ వాడితే ఒకటి రెండు రోజులు స్కిమ్మరు పిచ్చెక్కినట్టు నురగ కక్కుతుంది. భయపడకండి, కప్పు తీసి ఉంచండి.

ఎత్తైన గోపురమైతే జిగురు కన్నా ఊచ మేలు. రాళ్ళకు డ్రిల్లుతో చిల్లు వేసి లోపల అక్రిలిక్ ఊచో, ఫైబర్ గ్లాస్ ఊచో దూర్చండి. దండలో దారంలా ఉంటుంది. ఇనుము వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఉప్పునీటిలో తుప్పు పట్టక మానదు. రాగి, ఇత్తడి అసలే వద్దు, రొయ్యలకు, నత్తలకు రాగి విషం. రాయికి చిల్లు వేసేటప్పుడు నీళ్ళు పోస్తూ నెమ్మదిగా వేయండి, లేకపోతే రాయి రెండు ముక్కలవుతుంది. నాకు అయ్యాయి. ఆ రెండు ముక్కలూ మొదటి రాయి కన్నా బాగా కుదిరాయి, అది వేరే సంగతి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను, అక్కడ టీ చల్లారుతోంది. రాయికీ అద్దానికీ మధ్య చుట్టూ మీ చేయి పట్టేంత సందు ఉంచండి. అద్దం తుడిచే మాగ్నెట్ దూరాలి. వెనుక గోడకు ఆనించి పేర్చితే గట్టిగా ఉంటుందనుకుంటారు, నిజానికి అక్కడ నీరు ఆడక మురికి పేరుకుంటుంది. అలలు పుట్టించే పంపు, వేవ్‌మేకరు, తోసే నీరు నేరుగా ఇసుక మీద కొడితే అదీ ఒక రొయ్యే, రాయి కింద ఇసుకను ఊడ్చేస్తుంది. రాయి ఎంత కావాలి? లీటరుకు 120 నుంచి 180 గ్రాములు అన్నది పాత లెక్క. బాగా చిల్లులున్న రాయి అయితే అంత అవసరం లేదు. ఖాళీ కూడా కావాలి, చేపలు ఈదాలి కదా. కొన్నవన్నీ పెట్టేయాలన్న తాపత్రయంతోనే సగం గోపురాలు ఎత్తు పెరుగుతున్నాయి.

ఇంకొక్క మాట. తొట్టి మొదటి రోజున ఉన్నట్టు ఉండదు. రాళ్ళ మీద గులాబీ, ఊదా రంగు సున్నపు నాచు పెరుగుతుంది. అది మనకు మిత్రుడు, సముద్రంలో విరిగిన పగడపు ముక్కలను దిబ్బగా అతికేది అదే. మీ జిగురు పనిలో అదీ మెల్లగా చేయి కలుపుతుంది. మరోవైపు రాళ్ళ మీద బతికేవన్నీ పెరుగుతాయి, పై బరువు పెరుగుతుంది, ఒక వైపే పెరుగుతుంది. ఈ రోజు సరిగ్గా ఉన్న తూకం రెండేళ్ళకు ఉండదు. 

మన పక్కనే శ్రీకాళహస్తి రాజగోపురం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించినది, 2010 మే 26న కూలింది. అయిదు వందల ఏళ్ళు నిలబడినదాన్ని నా తొట్టితో పోల్చడం లేదు, నాకు అంత ధైర్యం లేదు. ఒక్క విషయం కోసమే గుర్తుచేస్తున్నాను. అది కూలేముందు పగుళ్ళు కనిపించాయి. కనిపించాయి కాబట్టే జనాన్ని ముందుగా దూరం పంపగలిగారు. ఏ కట్టడమైనా పడేముందు ఏదో ఒకటి చెబుతుంది. తొట్టిలో ఏమి చెబుతుంది? రెండు రాళ్ళ మధ్య నాచు పట్టని తెల్లటి గీత కొత్తగా కనిపిస్తే, అక్కడ రాయి జరిగింది. ఇసుకలో కొత్త గుంత, దాని పక్కన కొత్త గుట్ట కనిపిస్తే ఎవరో పనిలో ఉన్నారు. రాయి కొస అద్దానికి మునుపటికన్నా దగ్గరైతే గోపురం వాలుతోంది. పేర్చిన రోజు తీసిన ఫొటోలు ఉన్నాయి కదా, ఆరు నెలలకు ఒకసారి పక్కన పెట్టి చూడండి.

ప్రశ్నలు అడగాలనుకునేవాళ్ళు టీ దగ్గర అడగండి. వెనుక నిలబడ్డ బాబు ఇందాకటి నుంచి చేయెత్తి ఉన్నాడు, నువ్వు అడుగు నాయనా. ఏమిటి? ఇప్పటికే ఇసుక మీద పేర్చేశావా? ఎన్నాళ్ళయింది? ఏడు నెలలు. తవ్వేవి ఏమున్నాయి? ఒక గోబీ. సరే, అన్నీ పీకేయనవసరం లేదు. కింది రాళ్ళ చుట్టూ ఇసుకను సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా, రోజుకు ఒక పక్క చొప్పున లాగేయి. ఒకేసారి లాగకు, కింద నల్లబడిన ఇసుక కదిలితే నీళ్ళు పాడవుతాయి. రాయి మెల్లగా దిగి అద్దం మీద కూర్చుంటుంది. దిగేటప్పుడు పై రాళ్ళను ఇంకొకరు పట్టుకోవాలి. ఇంకొకరు, అర్థమైందా? ఒక్కడివే చేయకు. ఆ రెండో మనిషి మీ అమ్మ అయితే ముందే చెప్పి పిలువు.

ఇదిగో, ఈ బల్ల మీద ఇందాక మాట్లాడుతూనే అయిదు రాళ్ళు పేర్చాను, జిగురు లేదు, కింద రవ్వ లేదు. టీ తాగి వచ్చి ఒక్కొక్కరూ అరచేత్తో నెట్టి చూడండి. పడగొట్టినవాళ్ళు మళ్ళీ పేర్చి వెళ్ళాలి.